గోదావరి మొగల దగ్గర కొలవాల్సినవి మూడు

ధవళేశ్వరం దాటాక గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలి సముద్రంలో కలిసే గోదావరి, వేల ఏళ్లుగా ఒండ్రు తెచ్చిపోసి కోనసీమను కట్టింది. ఇప్పుడు ఆ తీరంలో చాలాచోట్ల సముద్రం లోపలికి చొచ్చుకొస్తోంది. కారణం వాతావరణ మార్పేనని ఒక్క మాటలో తేల్చేస్తే అది సగం నిజమే అవుతుంది. సముద్రమట్టం, నేలమట్టం, నది తెచ్చే ఒండ్రు, ఈ మూడింటినీ కలిపి కొలిస్తే గానీ ఎవరి వాటా ఎంతో తెలియదు.

సముద్రమట్టం సంగతి కొంత తేలిక. ప్రపంచ సగటు ఏడాదికి మూడు మిల్లీమీటర్లకు పైగా పెరుగుతున్నట్టు 1993 నుంచి ఉపగ్రహ రాడార్లు చూపుతున్నాయి. మంచు కరగడం ఒక కారణం కాగా, నీరు వేడెక్కి వ్యాకోచించడం మరొకటి. ఆ వేడిని ఆర్గో అనే, సముద్రంలో వదిలిన తేలుడు పరికరాలు 2,000 మీటర్ల లోతు నుంచి పైకి తేలుతూ, సుమారు పది రోజులకోసారి కొలుస్తాయి. మన దేశం వదిలిన వాటి సమాచారాన్ని హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ చూసుకుంటుంది.

అయితే ఒడ్డునున్న మడచెట్టుకు ప్రపంచ సగటుతో పనిలేదు. తన మొదట్లో నీరు నేలకంటే ఎంత ఎత్తున నిలుస్తోందన్నదే దానికి ముఖ్యం. డెల్టా నేల మెత్తటి ఒండ్రు కనుక, పైబరువుకు లోపలి నీరు పిండుకుపోయి తనంతట తానే అణుగుతూ ఉంటుంది. ఏటా వరదతో కొత్త ఒండ్రు వచ్చిపడుతున్నంతకాలం ఆ లోటు పూడుతుంది. కానీ 1970వ దశకంలో ఏడాదికి సగటున సుమారు 15 కోట్ల టన్నులున్న గోదావరి ఒండ్రు, 1990లకల్లా ఆరు కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. ఎగువ నుంచి రావలసిన ఒండ్రులో చాలాభాగం జలాశయాల అడుగున ఆగిపోతోంది.

మడ అడవుల్లో నేల అణుగుదలను కొలిచే పద్ధతి ఒకటి చూడముచ్చటగా ఉంటుంది. ఉక్కు కడ్డీని, ఇక దిగనని మొరాయించేదాకా, బురదలోకి దిగగొడతారు. దాని తలకు అడ్డంగా ఒక పట్టీ బిగించి, అందులోంచి తొమ్మిది సన్నని పుల్లలను బురదకు ఆనేదాకా మెల్లగా దించి, పట్టీకి పైన మిగిలిన పొడవును రాసుకుంటారు. పక్కనే తెల్లటి ఖనిజపు పొడిని పలుచగా పరిచి వదిలేస్తారు. ఏడాది తర్వాత అక్కడి బురదను కోసి చూసినప్పుడు తెల్లచార మీద ఐదు మిల్లీమీటర్ల ఒండ్రు ఉండి, పుల్లలు మాత్రం నేల రెండే పెరిగినట్టు చూపితే, తక్కిన మూడూ అణుగుదలకు పోయాయని లెక్క. కొలిచే మనిషి పక్కన కాలు మోపితే చాలు, లెక్కంతా పాడవుతుంది. అందుకే చెక్కల మీద నిలబడి కొలుస్తారు.

ఉపగ్రహ చిత్రాల్లో తీరరేఖ గీయడానికీ ఇంత జాగ్రత్తా కావాలి. ల్యాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి గానీ, ఏ చిత్రం పోటు వేళ తీశారో, ఏది పాటు వేళ తీశారో చూసుకోవాలి. నూటికి ఒకటి వాలున్న ఒడ్డు మీద నీరు అరమీటరు పెరిగితే, పిడికెడు ఇసుక కోతపడకపోయినా తీరం 50 మీటర్లు వెనక్కి జరిగినట్టు కనిపిస్తుంది. పోటుపాట్ల లెక్క చూడకుండా రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి సముద్రం మింగేసిందని చాటే పటాలను నేనైతే నమ్మను.

కాకినాడ దగ్గరి మడ అడవి, 1978లో ప్రకటించిన కోరింగ అభయారణ్యం విషయంలో చూడాల్సింది మరొకటుంది. తెల్లమడ అనే మడజాతి ఉప్పును బాగా తట్టుకుంటుంది. అన్ని జాతులకూ అంత ఓపిక లేదు. వేసవిలో నదీజలం తగ్గి ఉప్పునీరు ఎగదన్నే పాయల్లో ఏ జాతి హెచ్చుతోందో, ఏది తగ్గుతోందో ఏటా నమోదు చేస్తే అదే ఒక కొలత. నీరు పెరిగేకొద్దీ అడవి నేలవైపు జరగాలి. రొయ్యల చెరువుల గట్లు అడ్డున్న చోట దానికి దారి లేదు. కాబట్టి సముద్రం వైపు అంచుతోపాటు నేలవైపు అంచునూ పటంలో గీయాలి. కాకినాడ అఖాతం వైపు కొత్త ఒండ్రు మీద మడ మొలిచి మొత్తం విస్తీర్ణం తగ్గనట్టే కనిపిస్తున్నా, అడవి ఎక్కడెక్కడ రెండువైపులా నొక్కుకుపోతోందో అప్పుడే బయటపడుతుంది.