సైనికుడి మరణవార్త ఇంటికి ఎలా చేరుతుంది: అపోహలు, వాస్తవాలు

సరిహద్దులో కాల్పులు మొదలైతే చాలు, నా ఫోనుకు రెండు రకాల సందేశాలు వస్తాయి. ఒకటి, ఎవరు తయారు చేశారో తెలియని మృతుల జాబితా. రెండోది, ఆ జాబితా చూసి వణికిపోయి, ‘సార్, మా అబ్బాయి యూనిట్ అక్కడే ఉంది, ఇది నిజమేనా’ అని అడిగే ఒక తండ్రి మాట. సైనికుల సర్వీసు, కుటుంబ వివరాలు ఉంచే సైన్యం రికార్డ్స్ ఆఫీసులో క్యాజువాలిటీ (చనిపోయిన, గాయపడిన, గల్లంతైనవారి) కాగితాలు చూసిన ఉద్యోగం నాది. పదవీ విరమణ తర్వాత మా జిల్లాలో సైనిక కుటుంబాలకు పింఛను పనుల్లో సాయపడుతున్నాను. నాకు తరచూ వినిపించే అపోహలను, వాటి వెనుక ఉన్న అసలు సంగతులను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పేర్లు వెంటనే చెప్పడం లేదంటే సైన్యం ఏదో దాస్తోంది.

వాస్తవం: పేరు బయటకు రావడానికి ముందు ఆ వార్త ఒక ఇంటికి చేరాలి. ఆలస్యానికి మొదటి కారణం అదే.

ఘటన జరిగిన వెంటనే యూనిట్ నుంచి పై కార్యాలయాలకు, ఢిల్లీలోని సైనిక ప్రధాన కార్యాలయానికి, ఆ సైనికుడి రికార్డ్స్ ఆఫీసుకు సందేశం వెళుతుంది. రికార్డ్స్ ఆఫీసు ఢిల్లీలో ఉండదు. మద్రాస్ రెజిమెంటుది తమిళనాడులోని వెల్లింగ్టన్‌లో, ఆర్టిలరీ (ఫిరంగి దళం)ది మహారాష్ట్రలోని నాసిక్ రోడ్డులో, ఈఎంఈ (వాహనాలు, ఆయుధాల మరమ్మతు విభాగం), ఆర్డినెన్స్ (సామగ్రి సరఫరా) కోర్‌లవి మన సికింద్రాబాద్‌లో ఉన్నాయి. ఒకే ఊరి నుంచి వెళ్లిన ముగ్గురి కాగితాలు మూడు రాష్ట్రాల్లో ఉండవచ్చు. భార్య ఎవరు, తల్లిదండ్రులు ఎవరు, ఏ ఊరు అన్న వివరాలు అక్కడే దొరుకుతాయి. అధికారుల వివరాలు మాత్రం ప్రధాన కార్యాలయం చూసుకుంటుంది.

సందేశంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఆర్మీ నంబరు. ఒకే యూనిట్లో ఒకే పేరున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండటం మామూలే. పేరును బట్టి ఫోను చేస్తే ఒక ఇంట్లో లేని చావు పుడుతుంది. ఆ ఇంటికి మళ్లీ ఫోను చేసి ‘పొరపాటు జరిగింది’ అని చెప్పినా ఆ గంటసేపటి నరకాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. అందుకే నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ సరిపోయాకే కబురు కదులుతుంది. టీవీ వాళ్లకు ఇది ఆలస్యంగా కనిపిస్తుంది. నా దృష్టిలో ఇది ఆ కుటుంబానికి ఇవ్వాల్సిన కనీస మర్యాద.

అపోహ: సినిమాల్లో చూపినట్టు ఇద్దరు అధికారులు యూనిఫాంలో వచ్చి తలుపు తడతారు.

వాస్తవం: అది అమెరికా పద్ధతి. అక్కడా మొదటి నుంచీ అలా లేదు. 1965లో వియత్నాంలోని ఇయా డ్రాంగ్ పోరు తర్వాత జార్జియా రాష్ట్రంలోని కొలంబస్ పట్టణంలో మరణవార్త టెలిగ్రాములను ట్యాక్సీ డ్రైవర్ల చేతికిచ్చి ఇళ్లకు పంపారు. దాన్ని ఆ పోరులో పాల్గొన్న దళ కమాండరు భార్య జూలియా మూర్ గట్టిగా వ్యతిరేకించారు. ఆ తర్వాతే అధికారి స్వయంగా వెళ్లి చెప్పే పద్ధతి స్థిరపడింది. కుటుంబానికి తెలిపిన తర్వాత 24 గంటలు గడిస్తేగాని ఇప్పుడక్కడ పేరు ప్రకటించరు. అమెరికా సైన్యంలో పిల్లలున్న తెలుగు కుటుంబాలు ఈ సంగతి తెలుసుకోవాలి.

మన దగ్గర ఒకప్పుడు టెలిగ్రాం వచ్చేది. 2013 జులైలో టెలిగ్రాం సేవ ఆగిపోయేనాటికే ఆ పని చాలావరకు ఫోను చేతుల్లోకి వెళ్లింది. ఇప్పుడు సాధారణంగా యూనిట్ నుంచే కమాండింగ్ ఆఫీసరో, సుబేదార్ మేజరో ఫోను చేస్తారు. తల్లికి, భార్యకు నేరుగా చెప్పడానికి నోరు రాక అన్నకో, బావమరిదికో, సర్పంచికో ముందు చెప్పడం కూడా ఉంది. సమాంతరంగా దగ్గరలోని సైనిక స్థావరానికి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి, కలెక్టరుకు, పోలీసులకు సమాచారం వెళుతుంది. తెలుగు రాష్ట్రాల్లో సికింద్రాబాద్‌లోని తెలంగాణ, ఆంధ్ర సబ్ ఏరియా కార్యాలయం ఈ ఏర్పాట్లు చూస్తుంది.

ఈ ఫోను పద్ధతి నాకు నచ్చదు. దూరం ఎక్కువ, ఊళ్లు మారుమూల, ఆలోపు వాట్సాప్ ముంచుకొస్తుంది అనే కారణాలు నాకు తెలుసు. అయినా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి, చాలా మండలాల్లో మాజీ సైనికులు ఉన్నారు. పశ్చిమ గోదావరిలోని మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు, తరతరాలుగా సైన్యంలోకి పంపిన ఊరది. అలాంటి చోట ఒక మాజీ సుబేదారు వెళ్లి, కూర్చోబెట్టి, చేయి పట్టుకుని చెప్పగలడు. ఇందుకు కావలసింది కొద్దిపాటి శిక్షణ, ఒక ఉత్తర్వు.

అపోహ: ‘సీరియస్‌గా ఉంది’ అన్నారంటే చనిపోయాడనే అర్థం.

వాస్తవం: మన ఇళ్లలో ఈ మాటకు ఆ అర్థం పాతుకుపోయింది. ‘వెంటనే బయలుదేరి రండి’ అన్న టెలిగ్రాం చూడగానే ఏడుపులు మొదలయ్యేవి. సైనిక ఆసుపత్రుల్లో మాత్రం ఇదొక నిజమైన వర్గీకరణ. ప్రాణాపాయంలో ఉన్నవారి జాబితా ఒకటి, పరిస్థితి తీవ్రంగా ఉన్నవారి జాబితా మరొకటి ఉంటాయి. పేరు అందులో చేరినప్పుడు ఇంటికి తెలియజేస్తారు. ఆ కబురు వస్తే శోకాలు పెట్టకండి. ఏ ఆసుపత్రి, ఏ వార్డు, ఎవరితో మాట్లాడాలి అని అడిగి రాసుకుని బయలుదేరండి. చాలామంది కోలుకుని ఇంటికి వస్తారు.

అపోహ: సంఖ్య మారిందంటే మొదట అబద్ధం చెప్పినట్టే.

వాస్తవం: 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైనికులతో ఘర్షణ జరిగింది. మర్నాడు మధ్యాహ్నం సైన్యం ఒక అధికారి, ఇద్దరు సైనికులు చనిపోయారని చెప్పింది. ఆ అధికారి సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు. అదే రాత్రి సంఖ్య 20కి పెరిగింది. తీవ్రంగా గాయపడి, ఆ ఎత్తులో గడ్డకట్టే చలికి గురైన మరో 17 మంది ప్రాణాలు కోల్పోయారని వివరించింది. మధ్యాహ్నానికి తేలినది మధ్యాహ్నం చెప్పారు, రాత్రికి తేలినది రాత్రి చెప్పారు. చైనా తన వైపు నలుగురు చనిపోయారని ఒప్పుకొన్నది 2021 ఫిబ్రవరిలో. ఎనిమిది నెలలు ఆ నలుగురి కుటుంబాలు బహిరంగంగా ఏడవడానికి కూడా వీలు లేకుండా గడిపాయంటే ఊహించండి.

దాచడం అంటే ఏమిటో కార్గిల్‌లో చూశాం. 1999లో పాకిస్తాన్ అక్కడ పోరాడింది తన సైనికులు కాదంది. చాలామంది మృతదేహాలను తీసుకోవడానికి ముందుకు రాలేదు. మన సైనికులే వారి మతాచారం ప్రకారం ఖననం చేశారు. 2010లో ఆ దేశ సైన్యం తన వెబ్‌సైట్లో 453 మంది పేర్లు పెట్టింది. మన వైపు 527 మంది చనిపోయారు, 1,363 మంది గాయపడ్డారు. వార్తల్లో ‘క్యాజువాలిటీలు’ అన్నచోట ఈ రెండు అంకెలూ కలిసిపోతుంటాయి. సైనిక లెక్కలో గాయపడినవారు, జాడ తెలియనివారు, శత్రువు చేతికి చిక్కినవారు కూడా క్యాజువాలిటీలే. ఆ పెద్ద అంకెను మృతుల సంఖ్యగా పంచిపెట్టే సందేశాలను దయచేసి ఆపండి.

అపోహ: ‘గల్లంతు’ అంటే చనిపోయాడని మెత్తగా చెప్పడం.

వాస్తవం: కాదు. శవం కనబడనంతవరకు, చూసిన సాక్షి లేనంతవరకు మరణం రాయకూడదు. ఎందుకో 2016 ఫిబ్రవరి చెబుతుంది. ఆ నెల 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున మద్రాస్ రెజిమెంటు 19వ బెటాలియన్ పోస్టు మీద మంచు విరుచుకుపడింది. పదిమంది కూరుకుపోయారు. అందులో కర్నూలు జిల్లా సిపాయి ఒకరు. బతికి ఉండే అవకాశం దాదాపు లేదని మర్నాడే ప్రకటన వచ్చింది, సంతాపాలు వెలువడ్డాయి. 8వ తేదీన తవ్వుతుంటే లాన్స్ నాయక్ హనుమంతప్ప ప్రాణంతో దొరికారు. మూడు రోజుల తర్వాత ఢిల్లీ ఆసుపత్రిలో ఆయన కన్నుమూశారు. కానీ ఆ మూడు రోజులు ఆయన భార్యాబిడ్డలకు దక్కాయి.

మరోవైపు ఎదురుచూపు ఎంత పొడవు సాగుతుందో కూడా చూడండి. 1984లో సియాచిన్ మంచులో కప్పబడిపోయిన, కుమావోన్ రెజిమెంటు 19వ బెటాలియన్‌కు చెందిన ఒక సైనికుడి అవశేషాలు 2022 ఆగస్టులో దొరికాయి. ఎవరో చెప్పింది ఆర్మీ నంబరు చెక్కిన లోహపు బిళ్ల. 1968 ఫిబ్రవరి 7న 102 మందితో చండీగఢ్ నుంచి లేహ్ వెళ్తూ రోహ్‌తాంగ్ దగ్గర కూలిన వాయుసేన విమానంలోని నలుగురి అవశేషాలు 2024లో, 56 ఏళ్లకు దొరికాయి. 1971 యుద్ధంలో పాకిస్తాన్‌కు చిక్కారని భావిస్తున్న 54 మంది కుటుంబాలకు ఇప్పటికీ జవాబు లేదు.

ఇక డబ్బు సంగతి. చట్టం ప్రకారం ఏడేళ్లు ఆచూకీ లేకపోతేనే మరణించినట్టు భావించవచ్చు కాబట్టి అప్పటిదాకా పైసా రాదని చెప్పేవాళ్లున్నారు. తప్పు. పోలీసు ఫిర్యాదు నమోదైన ఆరు నెలల తర్వాత, పూచీ పత్రం తీసుకుని కుటుంబ పింఛను ఇచ్చే నిబంధన ఉంది. సెలవు మీద వస్తూ రైల్లో కనబడకుండా పోయినవారి విషయంలో ఇది ప్రాణం లాంటి సంగతి. 30 రోజులు రాకపోతే సైనిక చట్టం ప్రకారం గైర్హాజరుపై విచారణ జరుగుతుంది, పారిపోయినవాడిగా నమోదయ్యే ప్రమాదం ఉంది. ఇంట్లోవాళ్లు సిగ్గుపడి, ‘వస్తాడులే’ అని ఆగిపోయి ఫిర్యాదు ఇవ్వకపోతే నష్టపోయేది వాళ్లే. మొదటి రోజే పోలీసు స్టేషనుకు వెళ్లండి, ప్రతి తీసుకుని యూనిట్‌కు పంపండి.

అపోహ: ప్రభుత్వం ‘అమరవీరుడు’ అని ప్రకటిస్తేనే ప్రయోజనాలు వస్తాయి.

వాస్తవం: అలాంటి అధికారిక ప్రకటన ఏదీ లేదు. ప్రభుత్వం పార్లమెంటులో ఈ సంగతి చెప్పింది. కాగితం మీద ఉండేవి రెండే: బ్యాటిల్ క్యాజువాలిటీ, ఫిజికల్ క్యాజువాలిటీ. మొదటిదైతే సరళీకృత కుటుంబ పింఛను, అంటే చివరి జీతంతో సమానం. విధి నిర్వహణతో సంబంధం ఉన్న ఇతర మరణమైతే ప్రత్యేక కుటుంబ పింఛను, చివరి జీతంలో 60 శాతం. ఒక భార్య జీవితాంతం ఎలా బతుకుతుందన్నది ఈ ఒక్క పదం మీద ఆధారపడుతుంది.

బుల్లెట్ తగిలితేనే బ్యాటిల్ క్యాజువాలిటీ అనుకోకండి. నియంత్రణ రేఖ దగ్గర విధుల్లో ఉండగా ప్రకృతి విపత్తు వల్ల, వాతావరణం తెచ్చిన అనారోగ్యం వల్ల పోయినా అందులోకే వస్తుంది. జమ్మూకశ్మీర్‌లో తీవ్రమైన చలిలో గస్తీ తిరుగుతూ గుండె ఆగి చనిపోయిన సైనికుడిని మొదట బ్యాటిల్ క్యాజువాలిటీగా రాసి, తర్వాత ఫిజికల్ క్యాజువాలిటీగా మార్చారు. ఆయన భార్య సాయుధ దళాల ట్రిబ్యునల్‌లో గెలిచారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ అప్పీలును కొట్టేసి, ఆమెకు 50 వేల రూపాయల ఖర్చులు చెల్లించమంది. ఆమెను కోర్టుకు లాగాల్సింది కాదని కూడా చెప్పింది. మీ ఇంటికి వచ్చిన ఉత్తరంలో ఏ వర్గం రాశారో తప్పక చూడండి. తప్పనిపిస్తే మౌనంగా సంతకం పెట్టకండి.

అగ్నివీరుల (నాలుగేళ్ల కాలానికి సైన్యంలో చేరినవారి) లెక్క వేరు. 2025 మేలో పాకిస్తాన్ కాల్పుల్లో చనిపోయిన శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం యువకుడు అగ్నివీరే. వారికి 48 లక్షల బీమా, విధి కారణంగా మరణిస్తే 44 లక్షల పరిహారం, మిగిలిన సర్వీసు కాలపు జీతం వస్తాయి. మామూలు సైనికుడి ఇంటికి వచ్చే కుటుంబ పింఛను మాత్రం లేదు. ఒకే కందకంలో ఒకే గుండుకు పోయిన ఇద్దరి ఇళ్లకు రెండు లెక్కలు ఉండటం అన్యాయమని నా నమ్మకం.

అపోహ: పార్థివదేహం పంపడంలో ఆలస్యం నిర్లక్ష్యమే.

వాస్తవం: కార్గిల్‌కు ముందు యుద్ధాల్లో దేహం ఇంటికి రావడమే అరుదు, అంత్యక్రియలు చాలావరకు అక్కడే జరిగేవి. ఇప్పుడు పంపుతారు. పోస్టుమార్టం, పోలీసు కాగితాలు, విమానం, వాతావరణం అన్నీ కుదరాలి. 2021 డిసెంబరు 8న తమిళనాడులోని కూనూరు దగ్గర వాయుసేన హెలికాప్టర్ కూలినప్పుడు మొదట ముగ్గురినే గుర్తించగలిగారు. మిగతావారికి డీఎన్‌ఏ పరీక్షలు చేశారు. చిత్తూరు జిల్లా లాన్స్ నాయక్‌ను 11న గుర్తించారు, 12న సొంతూరికి చేర్చారు. ఎంత తొందరపెట్టినా వేరొకరి బిడ్డను మీ ఇంటికి పంపకూడదు కదా.

అపోహ: నామినీగా పేరుంటే అన్నీ వాళ్లకే.

వాస్తవం: పెళ్లి కాకముందు దగ్గరి బంధువులుగా తల్లిదండ్రులు, పెళ్లయ్యాక భార్య. కుటుంబ పింఛను నిబంధన ప్రకారమే వెళుతుంది, నామినేషనుతో మారదు. బీమా, భవిష్య నిధి లాంటివి మాత్రం సైనికుడు రాసిచ్చినట్టు పంచవచ్చు. ఈ రెండూ కలగలిపేసి అత్తాకోడళ్లు కోర్టుకెక్కుతున్నారు. సెలవుకు వచ్చినప్పుడే సైనికుడు ఈ మాట ఇంట్లో కూర్చుని మాట్లాడాలి.

పెళ్లి జరిగిన వెంటనే యూనిట్లో పార్ట్ టూ ఆర్డర్ (కుటుంబ వివరాల్లో మార్పును రికార్డుకెక్కించే ఉత్తర్వు) వేయించాలి, పిల్లలు పుట్టినా అంతే. అది లేకపోతే రికార్డ్స్ ఆఫీసు దృష్టిలో ఆ భార్య లేదు. మన తెలుగువాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఒకదాంట్లో పొడి అక్షరంగా, ఇంకోదాంట్లో అసలు లేకుండా ఉంటుంది. ఉత్తరాదిన కూర్చున్న గుమస్తాకు ‘కె. లక్ష్మి’, ‘లక్ష్మి కొండపల్లి’, ‘కొండపల్లి లక్ష్మీదేవి’ ముగ్గురు మనుషులు. పింఛన్లు నెలల తరబడి ఆగిపోవడానికి నేను చూసిన అతి సాధారణ కారణం ఇదే. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, పార్ట్ టూ ఆర్డర్ మూడింట్లోనూ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా అని ఈ వారమే చూసుకోండి. తేడా ఉంటే సైనికుడు సర్వీసులో ఉండగానే యూనిట్ ద్వారా సరిచేయించండి. తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి, ఈ పనికి అక్కడ రుసుము లేదు. ‘పరిహారం విడుదల చేస్తాం, ముందు ఇంత కట్టండి’ అని ఫోను చేసేవాడు ఎవడైనా సరే మోసగాడే. ఆ నంబరును పోలీసులకు ఇవ్వండి.