లిఫ్ట్ చేసిన బండి, చెడిన ఫోకస్: అపోహలు - వాస్తవాలు

"అన్నా, లిఫ్ట్ చేయించాక లైటు సరిపోవట్లేదు. మంచి ఎల్‌ఈడీ ఉంటే వేసెయ్." విజయవాడ ఆటోనగర్‌లో మా ఎలక్ట్రికల్ షాపుకి వచ్చే థార్ జీపుల కుర్రాళ్ళలో చాలామంది మొదటి మాట ఇదే. లిఫ్ట్ అంటే స్పేసర్లో, కొత్త స్ప్రింగులో వేసి బండి ఎత్తు పెంచడం; ఫోకస్ అంటే హెడ్‌లైటు వెలుగు పడే దిశ. లైటు వేసి చూస్తే దానికి ఏ జబ్బూ ఉండదు. వెలుగంతా రోడ్డు వదిలేసి చెట్ల కొమ్మల్లో ఉంటుంది.

అపోహ: బండి ఎత్తు పెరిగితే లైటు తగ్గుతుంది, పవరున్న బల్బు వేయాలి.

జనం డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే, కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. డిమ్‌లో వెలుగు పై అంచు, అంటే కటాఫ్ గీత, ముందుకి పోయేకొద్దీ నూటికి ఒకటి చొప్పున దిగాలి. 10 మీటర్లకి 10 సెంటీమీటర్లు. ఇప్పుడు మీరు ముందు మాత్రమే బండిని రెండంగుళాలు లేపే స్పేసర్ (స్ప్రింగు దగ్గర పెట్టే దిమ్మ) వేయించారు, అంటే 5 సెంటీమీటర్లు. మూడు తలుపుల థార్ వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2450 మిల్లీమీటర్లు. 245కి 5 అంటే రెండు శాతం. ఒక శాతం దిగాల్సిన వెలుగు ఒక శాతం పైకి లేస్తోంది. లైటు నేల నుంచి 95 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, 50 మీటర్ల దూరాన కటాఫ్ గీత 145 సెంటీమీటర్ల దగ్గరుంటుంది. ఎదురొచ్చే కారు డ్రైవరు కళ్ళు దానికన్నా కిందే, అంటే పూర్తిగా వెలుగులోనే. మీ ముందున్న రోడ్డేమో చీకటి.

దీని మీద 60/55 వాట్ల (అప్పర్‌కి 60, డిమ్‌కి 55) బల్బు తీసి 100/90 వేస్తే హోల్డర్ గోధుమరంగుకి మాడి, వైరు కొనలు నల్లబడి, రిఫ్లెక్టర్ మెరుపు పూత మసకబారుతుంది. అలాంటి హోల్డర్లు ఎన్నో ఊడదీశాను. హాలోజన్ బల్బు (ఫిలమెంట్ ఉండే మామూలు బల్బు) కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ పెట్టినప్పుడు, చిప్ సరిగ్గా ఫిలమెంట్ చోట కూర్చోకపోతే కటాఫ్ గీతే చెదిరిపోతుంది. ఇక దేన్ని చూసి ఫోకస్ పెట్టాలి?

నిరుడు చలికాలంలో జగ్గయ్యపేట వైపు నుంచి ఒకాయన వచ్చారు. యాభై దాటిన మనిషి. కొడుకు ముచ్చటపడి బండి లిఫ్ట్ చేయించాడట. హైదరాబాద్ హైవే మీద ఎదురొచ్చే ప్రతి లారీ అప్పర్ డిప్పర్ కొడుతోందని, తనకేమో దగ్గరి గుంత కూడా కనపడట్లేదని చెప్పారు. "నా చూపే పోతోందేమో బాబూ" అని టెన్షన్ పడి కళ్ళద్దాలు మార్పించుకున్నారు, ఎల్‌ఈడీలకి డబ్బు పోశారు, చివరికి రాత్రి ప్రయాణమే మానేశారు. ఎల్‌ఈడీలు తీసి పాత హాలోజన్ బల్బులే పెట్టి, ఆయన్నే సీట్లో కూర్చోబెట్టి బండిని గోడ ముందు నిలిపాను. కటాఫ్ గీత ఉండాల్సిన గుర్తుకి బెత్తెడు పైన ఉంది. హెడ్‌లైటు ఫోకస్ సర్దే స్క్రూ తిప్పుతుంటే అది గోడ మీద మెల్లగా దిగుతూ వచ్చింది. ఆయన లోపలి నుంచి "ఇదేనా ఇన్నాళ్ళూ" అన్నారు. ఆ గొంతులో ఊరట నాకింకా గుర్తుంది.

ఇంటి దగ్గర మీరే చూసుకోవచ్చు. టైర్లలో గాలి సరిచేసి, చదునైన నేల మీద, లైటుకీ గోడకీ మధ్య 5 మీటర్లు ఉండేలా సూటిగా నిలపండి. సీట్లో మనిషి ఉండాలి, లెవలింగ్ స్విచ్ (లోపలి నుంచి వెలుగుని కిందికి దించే స్విచ్) 0 మీద ఉండాలి. లైటు మధ్యభాగం ఎత్తు ఇప్పుడు కొలవండి, లిఫ్ట్‌కి ముందు కొలత పనికిరాదు. గోడ మీద అంతే ఎత్తున ఒక గీత, దానికి 5 సెంటీమీటర్ల కింద ఇంకో గీత గీయండి. డిమ్ వేసి, ఒక లైటుకి గుడ్డ అడ్డం పెట్టి, రెండోదాని కటాఫ్ కింది గీత మీద కూర్చునేదాకా దాని స్క్రూ తిప్పండి. లైటు మీటరు ఎత్తు దాటితే నేను 5 బదులు ఏడున్నర సెంటీమీటర్లు దించుతాను. కటాఫ్ ఎడమవైపు కొంచెం పైకి లేచి ఉంటుంది. అది తప్పు కాదు, రోడ్డు అంచున నడిచేవాళ్ళు కనపడటానికి అలా చేస్తారు.

అపోహ: ముందూ వెనకా సమానంగా లేపితే ఫోకస్ చూడక్కర్లేదు.
కోణం మారదు, నిజమే. ఎత్తు మారుతుంది, కటాఫ్ గీత కూడా అంతే పైకి పోతుంది. పైగా రెండు వైపులా కచ్చితంగా ఒకే ఎత్తు లేచిన బండి నాకు అరుదుగా కనపడింది. ఒకసారి గోడ ముందు పెట్టండి.

అపోహ: లెవలింగ్ స్విచ్ 3 మీద పెడితే చాలు.
అది వెనక లోడుకి ఇచ్చింది. లిఫ్ట్‌కే మొత్తం వాడేస్తే, నలుగురు ఎక్కి సామాను పెట్టాక దించడానికి ఏం మిగులుతుంది? నూజివీడు మామిడి సీజన్లో పికప్ డ్రైవర్లకి నేను చెప్పేది దీనికి తిరగేసి: లోడు పడ్డాక ఆ స్విచ్ వాడండి, ఊరికే ఉంచకండి.

అపోహ: లైటు మీద నల్ల స్టిక్కర్ వేస్తే ఎదుటివాళ్ళకి కొట్టదు.
వెలుగు తగ్గుతుందేమో గానీ, మిగిలిన వెలుగు పోయే దారి మారదు.

చట్టం సంగతి కూడా దాచను. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడాగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. లిఫ్ట్ చేయించేముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి.

కొత్త స్ప్రింగులు వేయించినవాళ్ళు రెండు మూడు వారాలు తిరిగాక మళ్ళీ గోడ ముందుకి రండి. అప్పటికి స్ప్రింగులు కాస్త కుదురుకుంటాయి, గీత కూడా కొంచెం కదిలి ఉంటుంది.