డాగ్స్‌కి పోవడం వెనక అసలు కథ

ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడిలో రిటైరైన మేష్టార్లు ఇద్దరు కలిస్తే చాలు, రోడ్ల గురించైనా కాలేజీ గురించైనా "అంతా గాన్ టు ది డాగ్స్ అండీ" అనేస్తారు, అంటే కుక్కల పాలై పాడైపోయిందని. కుర్రాళ్ళేమో అది కుక్కల రేసుల నుంచి వచ్చిందని, పందేల్లో డబ్బు తగలేసుకున్నోళ్ళ మీద పుట్టిందని వాదిస్తారు. కాదు. ఉత్తుత్తి కుందేలు వెనక గ్రేహౌండ్లని పరిగెత్తించే రేసులు ఇంగ్లండ్‌లో మొదలైందే 1926లో, మాంచెస్టర్‌లోని బెల్ వ్యూలో, మాట దానికి వందల ఏళ్ళ ముందు నుంచే ఉంది.

అసలు కథ తిండి దగ్గరుంది. మనుషులకి పనికిరాని మాంసం కుక్కలకి పడేసేవారు. బైబిల్ నిర్గమకాండం 22లో కూడా మృగాలు చీల్చిన మాంసం తినకండి, కుక్కలకి పారేయండి అని ఉంటుంది, షేక్‌స్పియర్ నాటకంలో మాక్‌బెత్ రాజు వైద్యం మీద విసుగొచ్చి మందుల్ని కుక్కలకి పారేయమంటాడు. అలా పారేసిన తిండికి చెప్పే మాటే మెల్లిగా మనుషులకీ, బడులకీ, దేశాలకీ అంటుకుంది.

ఇక్కడ మనవాళ్ళు వెంటనే "అదే కదా కుక్కలు చింపిన విస్తరి" అంటారు. నాకైతే రెండూ ఒకటి కావు. విస్తరిలో తలో పక్కకీ లాక్కోవడం ఉంది, అన్నదమ్ముల తగాదాలో సంసారం చీలికలైతే ఆ మాట అంటాం. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ ఎస్టేటు కొంత అటు, కొంత ఇటు పోయింది, పాతపట్నం మద్రాసు వైపు ఉండిపోయింది, అది నచ్చక గిడుగు రామమూర్తిగారు ఊరే వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు, మా పెద్దాళ్ళు దాన్ని విస్తరి అనే అనేవారు. డాగ్స్ మాటలో ఈ లాగులాట లేదు, పట్టించుకునే నాథుడు లేక ఏళ్ళ తరబడి దిగజారడమే ఉంది.

మా పర్లాకిమిడి లైట్ రైలునే (నారో గేజ్ చిన్న రైలు) చూడండి. రాజావారు వేయించింది, 1900లో నౌపడా నుంచి మొదలై 1931కి గుణుపురం దాకా వెళ్ళింది, ఆ రోజుల్లో దాని దర్జాయే వేరు. తర్వాత బస్సులొచ్చి జనం తగ్గారు, చివరికి 2004లో ఆపేసి బ్రాడ్ గేజ్ వేశారు. ఆ చివరి రోజుల గురించైతే మేష్టార్ల మాట సరిగ్గా అతుకుతుంది.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చి మా గజపతి జిల్లాని ఒక్క రోజులో ఊడ్చేసిందే, దానికి మాత్రం ఇది వాడకూడదు, తుఫాను పోగొట్టింది వేరు, మనం గాలికొదిలేసింది వేరు.