ఊపిరి ఆగే మోతాదు ఎంత?

అమెరికాలో చదువుతున్న మా అబ్బాయి హాస్టల్ గోడకి ముక్కులో కొట్టే స్ప్రే పెట్టె తగిలించారు, అదెందుకండీ అని ఒక పాఠకురాలు అడిగారు. అది నలాక్సోన్. ఓపియాయిడ్ (మార్ఫిన్, హెరాయిన్ లాంటి నల్లమందు జాతి మందు) మోతాదు మించి ఊపిరి ఆగిపోతున్నవాళ్లకి వాడేది. 2022లో అక్కడ ఓపియాయిడ్ల వల్ల 80 వేల మందికి పైగా చనిపోయారు. కారణం మందుల కంపెనీల దురాశ అంటారు. నిజమే, కానీ అసలు కిటుకు మెదడు అడుగున ఉంది.

ఊపిరి కాసేపు బిగబట్టి చూడండి. ఛాతీలో ఆరాటం మొదలవుతుంది. అది ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు. ఓపియాయిడ్ ఈ ఆరాటాన్నే మొద్దుబారుస్తుంది. మెదడు కాండంలో ప్రీ-బోట్జింగర్ అనే చిన్న కణాల గుంపు ఉంది, ఊపిరి లయ పుట్టేది అక్కడే. ఆ కణాల మీదా మ్యూ రిసెప్టర్లే (ఓపియాయిడ్ వచ్చి అతుక్కునే చోట్లు) ఉంటాయి. నొప్పి తగ్గేదీ, హాయిగా ఉండేదీ, ఊపిరి మందగించేదీ ఈ ఒక్క రిసెప్టర్ ద్వారానే. అందుకే మోతాదు మించినవాళ్లు గింజుకోరు. గురక పెడుతున్నారులే అని పక్కవాళ్లు వదిలేస్తారు. నలాక్సోన్ ఆ రిసెప్టర్ల మీంచి మందుని తోసేసి తను కూర్చుంటుంది. కానీ దాని పని అరగంట నుంచి గంటన్నరలో అయిపోతుంది, కాబట్టి మనిషి లేచి కూర్చున్నా అంబులెన్స్ పిలవాల్సిందే.

ఇంకో చిక్కుంది. వాడేకొద్దీ హాయికి ఒళ్లు త్వరగా అలవాటు పడుతుంది. ఊపిరి విషయంలో మాత్రం అంతగా అలవాటు పడదు. మత్తు కోసం మోతాదు పెంచుతూ పోతే హాయికీ చావుకీ మధ్య ఎడం సన్నబడుతుంది. మానేస్తే ఆ అలవాటు కూడా పోతుంది, అప్పుడు పాత మోతాదే ప్రాణం తీస్తుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవాళ్లని గమనిస్తే, మొదటి రెండు వారాల్లో డ్రగ్ ఓవర్‌డోస్‌తో చనిపోయే ముప్పు మామూలు జనం కంటే 129 రెట్లు!

ఇక చరిత్ర. 1980లో ఒక వైద్య పత్రికలో ఐదు వాక్యాల ఉత్తరం వచ్చింది: ఆస్పత్రిలో నార్కోటిక్ (అంటే ఓపియాయిడ్ నొప్పిమందు) తీసుకున్న 11,882 మందిలో వ్యసనంలో పడింది నలుగురేనని. ఆస్పత్రి మంచం మీద డాక్టర్ కళ్లముందు కొద్దిరోజులు వాడినవాళ్ల లెక్క అది. దాన్నే నెలల తరబడి నడుంనొప్పికి ఇంట్లో మింగేవాళ్లకీ రుజువుగా చూపించారు. 1996లో పర్డ్యూ ఫార్మా అనే కంపెనీ ఆక్సికాంటిన్ అనే ఓపియాయిడ్ నొప్పిమాత్ర తెచ్చింది. 12 గంటలపాటు మెల్లగా విడుదలయ్యే మాత్ర కాబట్టి దుర్వినియోగం తక్కువని లేబుల్ మీదే రాశారు. నలిపితే మొత్తం ఒకేసారి వస్తుందని జనం ఇట్టే కనిపెట్టారు. 2010లో నలగని మాత్ర తెచ్చారు. అప్పటికే అలవాటు పడ్డ ఒళ్లు ఊరుకుంటుందా? చాలామంది హెరాయిన్‌కి మళ్లారు. 2013 ప్రాంతంలో హెరాయిన్‌లోకి ఫెంటనిల్ అనే కృత్రిమ ఓపియాయిడ్ వచ్చి చేరింది.

ఫెంటనిల్ మార్ఫిన్ కంటే దాదాపు వంద రెట్లు ఘాటు. 2 మిల్లీగ్రాములు, అంటే పెన్సిల్ మొన మీద నిలిచేంత, ప్రాణాంతకం కావచ్చు. ఆపరేషన్ థియేటర్లో దాన్ని మైక్రోగ్రాముల్లో కొలిచి ఇస్తారు. దొంగ మాత్రలు చేసేవాడికి ఆ తూకమెక్కడిది? రాళ్ల ఉప్పు సరిగా కలవని ఇడ్లీ పిండిలో ఒక ఇడ్లీ చప్పగా, పక్కది నోట పెట్టలేనట్టు ఉంటుంది కదా. ఇక్కడా అంతే. ఒకే సంచిలోంచి తీసిన నిన్నటి మాత్రకి ఏమీ కాలేదు కదా అనుకుంటే ఇవాళ్టి మాత్రలో రెండు మిల్లీగ్రాములు ఉండొచ్చు. (పొడి వేలికి తగిలితేనే పడిపోతారన్నది మాత్రం దిష్టి లాంటి నమ్మకం. చర్మం గుండా అంత వేగంగా ఎక్కదు.)

సరఫరా ఆపితే వ్యసనం ఆగదని మనకీ తెలుసు. తెలంగాణలో కల్తీ కల్లు దొరక్కపోయినప్పుడు చేతులు వణుకుతూ, ఏదేదో మాట్లాడుతూ జనం ఆస్పత్రులకి వచ్చారు. అందులో కలిపేది అల్ప్రజోలం లాంటి బెంజోడయజెపైన్, అంటే ఆందోళన తగ్గించి నిద్ర పుచ్చే జాతి మందు. ఓపియాయిడ్ కాదు, పనిచేసే రిసెప్టర్ వేరు. కానీ ఓపియాయిడ్‌తో కలిస్తే ఊపిరిని ఇంకా అణచేస్తుంది. ఆ జోడీ వద్దని 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ మందుల లేబుళ్ల మీద నల్లగీతల పెట్టెలో హెచ్చరిక వేయించింది. అలా రెండూ తీసుకుని పడిపోయినవాళ్లకి నలాక్సోన్ కొడితే ఓపియాయిడ్ భాగం విడిపోతుంది, రెండోది అలాగే ఉంటుంది.