ముక్కలు అవే, వరుసే వేరు

ఎనిమిదేళ్ల పిల్లాడికి బడి అంటే భయం. థెరపిస్టు భయం తగ్గించే మాన్యువల్ తెరిచి వారానికో పాఠం నడిపిస్తున్నారనుకోండి. నాలుగో వారం వాడు ఇంట్లో తల్లి మీద చెయ్యి చేసుకున్నాడు. ఆ మాన్యువల్‌లో దీనికి పేజీ లేదు. ఈ ఇబ్బంది వెనక చాలా ఏళ్ల కథ ఉంది.

1957లో అమెరికాలో మనస్తత్వవేత్త యూజీన్ లెవిట్ పాత అధ్యయనాలన్నీ తిరగేశాడు. మానసిక చికిత్స (సైకోథెరపీ) చేయించుకున్న పిల్లల్లో సుమారు మూడింట రెండొంతుల మంది బాగుపడ్డారు. చేయించుకోనివాళ్లలోనూ దాదాపు అంతే! ఆ దెబ్బకి పరిశోధకులు పద్ధతులను పక్కాగా రాసిపెట్టుకోవడం మొదలుపెట్టారు. ఆందోళనకు ఫిలిప్ కెండాల్ తయారుచేసిన 'కోపింగ్ క్యాట్' అలాంటి మాన్యువలే, 16 సెషన్లు. యూనివర్సిటీల్లో ఫలితాలు బాగానే వచ్చాయి. మామూలు క్లినిక్‌లలో మాత్రం చికిత్స ప్రభావం సున్నాకు దగ్గరగా ఉందని 1990ల్లో మనస్తత్వవేత్త జాన్ వైజ్ బృందం తేల్చింది. క్లినిక్‌కి వచ్చే పిల్లలకు సమస్య ఒక్కటే ఉండదు కదా.

మలుపు అమెరికా రాష్ట్రమైన హవాయిలో వచ్చింది. అవసరమున్న విద్యార్థులకు మానసిక సేవలు అందడం లేదన్న కేసులో 1994లో రాష్ట్ర ప్రభుత్వం కోర్టు ముందు ఒప్పందానికి తలొగ్గింది. ఆ తర్వాత అక్కడ పనిచేసిన మనస్తత్వవేత్త బ్రూస్ చోర్పిటా, పనికొచ్చిన చికిత్సలను విడదీసి, వాటిలో ఉమ్మడిగా ఉన్న ముక్కలు, అంటే విడివిడి పద్ధతులు, ఏంటో చూశాడు. ఆయన, వైజ్ కలిసి తయారుచేసిన 'మ్యాచ్' అనే చికిత్సలో ఇలాంటి 33 ముక్కలున్నాయి. ఆందోళన, డిప్రెషన్, ట్రామా (చేదు అనుభవం మనసులో మిగిల్చిన గాయం), మొండి ప్రవర్తన... ఏది అడ్డొస్తే దాని ముక్క తీసుకోవచ్చు. అలాగని ఇష్టారాజ్యం కాదు, ఎప్పుడు ఎటు మళ్లాలో చెప్పే చార్టు ఉంటుంది.

హవాయి, మసాచుసెట్స్‌లలోని 10 సంస్థల్లో, 84 మంది థెరపిస్టులతో, 7–13 ఏళ్ల 174 మంది పిల్లల మీద దీన్ని పరీక్షించారు. కొందరికి మాన్యువల్ వరుసగా, కొందరికి అవే పద్ధతులు ముక్కలుగా, మిగతావాళ్లకు ఆ సంస్థల్లో మామూలుగా చేసే చికిత్సే. 2012లో వచ్చిన ఫలితాల్లో ముక్కల పద్ధతిలో పిల్లలు త్వరగా కోలుకున్నారు. వరుస తప్పని మాన్యువల్ మామూలు చికిత్సను చెప్పుకోదగ్గంతగా మించలేదు. నాకు ఇదే అసలు వార్త.

కథ అక్కడితో తేలిపోలేదు. 2021లో డెన్మార్క్‌లో 6–16 ఏళ్ల 396 మందితో, ఇలాగే ముక్కలుగా నడిచే మరో చికిత్స మామూలు సేవ కంటే మెరుగని తేలింది. న్యూజిలాండ్‌లో 'మ్యాచ్'కీ, అక్కడి మామూలు చికిత్సకీ తేడా కనబడలేదు. 'మామూలు చికిత్స' అన్న మాటకు ఊరికో అర్థం ఉన్నప్పుడు, దేనితో పోల్చారన్నది కూడా చూడాల్సిందే.