తాటి ముంతలో ఈస్ట్ ఏ చక్కెరను ముందు తింటుంది?

ఉలవపాడు దాటి సముద్రం వైపు సాగే ఇసుక నేలల్లో, ఎండలు ముదిరే కాలానికి తాటిచెట్లకు ముంతలు వేలాడుతుంటాయి. తెల్లవారగానే దించిన కల్లు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేసరికి నురగ కట్టి, మధ్యాహ్నానికి ఘాటెక్కి, సాయంత్రానికి పులుపు తిరుగుతుంది. లోపల సున్నం పూసిన ముంతలో పట్టిన రసం మాత్రం బెల్లానికి పనికివచ్చేంత తియ్యగా నిలుస్తుంది, ఎందుకంటే పులియబెట్టే సూక్ష్మజీవులకు సున్నపు క్షారం గిట్టదు. కల్లు పులియడంలో బాక్టీరియాకూ భాగం ఉంది గాని, ఇక్కడ ఈస్ట్ సంగతే చూద్దాం.

తాటి రసంలోని తీపిలో అధిక భాగం సుక్రోజ్, అంటే మన వంటింటి పంచదారే. అది గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలు జతకట్టిన అణువు. ఈస్ట్ ఆ జతను చాలామటుకు అలాగే లోపలికి తీసుకోదు; ఇన్వర్టేజ్ అనే ఎంజైమును తన పొర దాటించి కణకవచం దగ్గరికి పంపి, జతను అక్కడే విడగొడుతుంది. ఇందులో ఒక తమాషా ఉంది. అలా విడిన చక్కెరలో చాలా భాగం విడగొట్టిన కణానికి దక్కక రసంలో కలిసిపోతుంది కనుక, ఇన్వర్టేజ్ తయారీకి ఏ శ్రమా పడని పక్క కణాలు కూడా పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి తినిపోతాయి.

విడిన రెండింటిలో గ్లూకోజ్‌దే ముందు వరుస. రెండూ కణంలోకి ఒకే రకం ద్వారాల గుండా పోతాయి గాని, ఆ ద్వారాలు గ్లూకోజ్‌ను పట్టుకున్నంత గట్టిగా ఫ్రక్టోజ్‌ను పట్టుకోవు. ద్రాక్షరసంలో మొదట ఇవి ఇంచుమించు సమానంగా ఉన్నా, పులియడం ముగిసే దశలో మిగిలే తీపి ఎక్కువగా ఫ్రక్టోజ్‌దే కావడానికి కారణం ఇదే.

సుక్రోజ్, మాల్టోజ్, గాలక్టోజ్ వంటి చక్కెరల విషయంలో ఈ వివక్ష ఇంకా లోతుకు, జన్యువుల దాకా పోతుంది. గ్లూకోజ్ దండిగా ఉన్నంతసేపు మిగ్1 అనే ప్రోటీన్ కణకేంద్రకంలో కూర్చుని, ఆ చక్కెరలకు కావలసిన జన్యువులను పనిచేయనివ్వదు. గ్లూకోజ్ తగ్గగానే స్నఫ్1 అనే మరో ప్రోటీన్ మేల్కొని, మిగ్1కు ఫాస్ఫేటు తగిలించి కేంద్రకం నుంచి బయటికి పంపిస్తుంది. 'స్నఫ్' అన్న పేరుకు సుక్రోజ్‌ను పులియబెట్టలేనిది అని అర్థం. ఆ జన్యువు చెడిన ఈస్ట్‌ను శాస్త్రవేత్తలు గుర్తించింది ఆ లోపంతోనే. ఈస్ట్ 'ఎంచుకుంటుంది' అని మనం అంటాం గాని, నిజానికి గ్లూకోజే మిగతా చక్కెరల తలుపులు మూయిస్తోంది.

తలుపు మళ్లీ తెరుచుకోవడానికి సమయం పడుతుంది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాక్ మోనో బాక్టీరియాకు రెండు చక్కెరలు కలిపి పెట్టినప్పుడు, అవి ఒకటి పూర్తిగా తిని, కాసేపు ఎదుగుదల ఆపి, తర్వాత రెండోది మొదలుపెట్టడం గమనించి, 1941లో ఆ తీరుకు డయాక్సీ అని పేరుపెట్టారు. ఈస్ట్‌కు గ్లూకోజ్, గాలక్టోజ్ కలిపి ఇచ్చినా ఇటువంటి విరామమే కనిపిస్తుంది; గాలక్టోజ్‌ను అరిగించే ఎంజైములను అప్పటికప్పుడు తయారుచేసుకోవాలి మరి. అయితే అన్ని ఈస్ట్ రకాలూ ఒకేలా ఉండవు. కొన్ని గ్లూకోజ్ పూర్తిగా అయిపోకముందే ఆ పని మొదలుపెట్టి, ముందు కాస్త నెమ్మదిగా ఎదిగినా తర్వాతి విరామాన్ని తగ్గించుకుంటాయి.

జన్యువే లేకపోతే ఈ ఎంపికకు తావే లేదు. గోరువెచ్చని పంచదార నీళ్లలో చెంచాడు బేకరీ ఈస్ట్ వేస్తే పావుగంటలో నురగ పొంగుతుంది. అదే ఈస్ట్‌ను పాలలో వేస్తే అంత పొంగు రాదు, ఎందుకంటే పాలలోని లాక్టోజ్‌ను వాడుకునే సాధనం దానికి లేదు.

చక్కెర సమృద్ధిగా ఉన్నప్పుడు, గాలి అందుతున్నా సరే, ఈ ఈస్ట్ ఆల్కహాల్ తయారీకే మొగ్గుతుంది. దీన్నే క్రాబ్‌ట్రీ ప్రభావం అంటారు. ఒక్కో గ్లూకోజ్ అణువు నుంచి ఈ దారిలో దక్కేది రెండే ఏటీపీలు (కణం పనులకు శక్తినిచ్చే అణువులు), శ్వాసక్రియలో వచ్చేదానితో పోలిస్తే చాలా తక్కువ. అయినా ఈస్ట్‌కు ఇది నష్టం బేరం కాదు: చక్కెరను తొందరగా ఊడ్చేస్తుంది, ఆల్కహాల్‌తో పోటీదారులను అణచివేస్తుంది, చక్కెర అడుగంటాక గాలి అందితే ఆ ఆల్కహాల్‌నే తిండిగా మార్చుకుంటుంది. ముంతలో మాత్రం ఆ చివరి వంతు దానికి ఎక్కువగా మిగలదు. గాలి తగిలే కల్లులోని ఆల్కహాల్‌ను ఎసిటిక్ బాక్టీరియా వెనిగర్‌లోని ఆమ్లంగా మార్చేస్తుంటుంది, సాయంత్రానికి నాలుకకు తగిలే పులుపులో అదీ ఒక పాలు.