సామూహిక బహిష్కరణపై దర్యాప్తు: అపోహలు - వాస్తవాలు

గల్ఫ్ నుంచి పంపించివేయగా కోనసీమకు తిరిగివచ్చిన వారి వాంగ్మూలాలు నమోదు చేయడం న్యాయవాదిగా నా పనిలో ఒక భాగం. రాజోలు, మలికిపురం వైపు గల్ఫ్‌కు మనిషిని పంపని వీధి అరుదు కనుక, రెండు దేశాల మధ్య మాటామాటా పెరిగిందని టీవీలో చెప్పగానే అక్కడున్న తమవాళ్లను మూకుమ్మడిగా దేశం నుంచి పంపేస్తారేమోనని ఇక్కడి ఇళ్లలో కంగారు మొదలవుతుంది. అలా పంపేయడాన్నే సామూహిక బహిష్కరణ అంటారు. ఆ కంగారులో పుట్టిన కొన్ని అపోహలను ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

అపోహ: అకామా (నివాస అనుమతి) లేని ఖల్లివెల్లి వాళ్లను, అంటే యజమానిని వదిలి పత్రాలు లేకుండా ఉంటున్నవారిని, ఎంతమందినైనా పంపేయవచ్చు, అది సామూహిక బహిష్కరణ కిందకు రాదు.

వాస్తవం: పత్రాలు లేనివారిని పంపే అధికారం ప్రతి దేశానికీ ఉంది. అయితే ఎవరి సంగతి వారిది విడిగా విచారించి, చెప్పుకునే అవకాశమిచ్చి పంపాలి. అదేమీ లేకుండా మూకుమ్మడిగా పంపితే, వారి వద్ద అకామా ఉన్నా లేకున్నా, అది సామూహిక బహిష్కరణే అవుతుంది. వలస కార్మికుల హక్కులపై 1990 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం 22వ అధికరణం ఇదే చెబుతుంది కానీ, గల్ఫ్ దేశాలు గానీ మన దేశం గానీ అందులో చేరలేదు. సౌదీ, కువైట్, బహ్రెయిన్ ఆమోదించిన అరబ్ మానవ హక్కుల చార్టర్ కూడా సామూహిక బహిష్కరణను నిషేధించింది. కాకపోతే ఒక కార్మికుడు నేరుగా వెళ్లి తలుపు తట్టగల న్యాయస్థానం ఆ చార్టర్ వెనుక లేదు.

అపోహ: పంపేయమన్న సర్కారు ఉత్తర్వు చేతికి దొరికితేనే కేసు నిలబడుతుంది.

వాస్తవం: విలేకరులు కూడా మొదట అడిగేది ఈ ఉత్తర్వు గురించే. అది దొరకడం అరుదు, ఒక్కోసారి అసలు ఉండదు. 1990లో గల్ఫ్ సంక్షోభంపై యెమెన్ వైఖరి నచ్చని సౌదీ అరేబియా, యెమెనీలకు అంతవరకూ ఉన్న మినహాయింపును తొలగించి, ఇకపై కఫీల్ (పూచీ వహించే స్థానికుడు) ఉండి తీరాలని నిబంధన మార్చింది. కొద్ది నెలల్లోనే లక్షలాది మంది సరిహద్దు దాటిపోయారు.

రష్యా ఉదంతం ఇంకా స్పష్టమైనది. 2006 సెప్టెంబరు 27న జార్జియా తన రాజధాని టిబిలిసీలో నలుగురు రష్యా సైనికాధికారులను గూఢచర్యం ఆరోపణపై అరెస్టు చేసింది. వారిని కొద్ది రోజులకే విడిచిపెట్టినా, రష్యా ఆ దేశంతో రాకపోకలను, తపాలాను నిలిపివేసి, తన గడ్డపై ఉన్న జార్జియన్ల మీద కొన్ని నెలల్లో 4,600కు పైగా బహిష్కరణ ఉత్తర్వులు జారీ చేసింది. జార్జియా స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లింది. అంతర్గత సర్క్యులర్లు రహస్యమంటూ రష్యా వాటిని ఇవ్వలేదు. అయినా న్యాయస్థానం సాక్షుల కథనాలను, ఒకే మూసలో వెలువడిన తీర్పులను, అంతర్జాతీయ సంస్థల నివేదికలను కలిపి చూసి, ఇది సామూహిక బహిష్కరణేనని 2014 జూలై 3న తేల్చింది. సర్క్యులర్లు ఇవ్వకపోవడాన్ని విడిగా తప్పుపట్టింది. అందుకే నేను మొదట పదిమంది చేతుల్లోని కాగితాలను పక్కపక్కన పెట్టి, పేరు తప్ప మిగతా వాక్యాలన్నీ ఒకటేనా అని చూస్తాను.

అపోహ: సంతకం పెట్టి వచ్చారు కాబట్టి ఇష్టపూర్వకంగా వచ్చినట్టే.

వాస్తవం: అరబీలో ఉన్న కాగితాన్ని చదివి వినిపించే మనిషి లేనప్పుడు, ఆ సంతకం అంగీకారానికి రుజువు కాదు.

అపోహ: గొడవ జరుగుతున్న సమయంలో పంపారంటే అది కక్షసాధింపే.

వాస్తవం: మా వృత్తిలోని వారు కూడా ఇక్కడ తొందరపడతారు. 2018లో ఇంటి పనివారిపై అఘాయిత్యాల విషయంలో ఫిలిప్పీన్స్‌తో తగవు ముదిరి, కువైట్ ఏప్రిల్‌లో ఆ దేశ రాయబారిని వెళ్లిపొమ్మంది. ఆ నెలల్లోనే కువైట్ ప్రకటించిన ఆమ్నెస్టీలో (పత్రాలు లేనివారు శిక్ష లేకుండా వెళ్లిపోయేందుకు ఇచ్చే గడువులో) మనవాళ్లు కూడా ఔట్‌పాస్‌లతో (పాస్‌పోర్టుకు బదులు ఇచ్చే తాత్కాలిక ప్రయాణ పత్రాలతో) తిరిగివచ్చారు, అయితే వీరి రాకకు ఆ తగవుతో సంబంధం లేదు. ఒకే దేశం వారిని ఏరి పట్టుకున్నారా, అదే స్థితిలో ఉన్న ఇతర దేశాల వారిని వదిలేశారా అన్నది తేలే వరకు కక్ష అనే మాట వాడకూడదు.

అపోహ: పెద్దగా చదువుకోని ఆడవాళ్లు చెప్పే తేదీలు నిలబడవు.

వాస్తవం: తేదీ అడిగితే తడబడతారు, నిజమే. అంతర్వేది తీర్థానికి ముందా తరువాతా, పట్టుకుపోయినప్పుడు ఇంట్లో ఏం వండుతున్నారు అని అడిగితే వరుస దానంతటదే తేలుతుంది. ఒకావిడ “సమోసాలు వేయిస్తున్నానండి, పొయ్యి కూడా కట్టేయనివ్వలేదు” అనడంతో, ఉపవాసం విడిచే వేళకు చేసే వంటకం కనుక అది రంజాన్ నెల సాయంత్రమని అర్థమైంది. ఆమె కూతురి ఫోన్‌లోని వాట్సాప్ వాయిస్ మెసేజ్ సమయం దానికి సరిపోయింది.

కాగితాల విషయంలోనే నష్టం ఎక్కువగా జరుగుతోంది. ఔట్‌పాస్‌ను దిగగానే చాలాసార్లు వెనక్కి తీసుకుంటారు కనుక, విమానం ఎక్కకముందే దాన్ని ఫొటో తీసి ఇంటికి పంపాలి. బోర్డింగ్ పాస్, డబ్బు పంపిన రసీదు, వేలిముద్రలు తీసుకున్నప్పుడు ఏదైనా చీటీ ఇస్తే అదీ దాచాలి. లంక గ్రామాల వారైతే వీటన్నిటినీ ఫోన్‌లో కూడా ఉంచుకోవాలి, ఎందుకంటే గోదావరి వరదకు ట్రంకుపెట్టెలోని కాగితాలు ముద్దయిపోతాయి. రష్యా కేసులో 2019 జనవరిలో న్యాయస్థానం కోటి యూరోల పరిహారం నిర్ణయించినప్పుడు లెక్కలోకి వచ్చింది కనీసం 1,500 మంది బాధితులు. అందుకోసం జార్జియా పేరుపేరునా జాబితా సమర్పించవలసి వచ్చింది, ఆ జాబితాపై రష్యా అభ్యంతరాలు లేవనెత్తింది.